ఎనభై ఎనిమిదో పేజీ

క్రమశిక్షణ సంఘం సాయంత్రం నాలుగింటికి కూర్చుంటుంది. నేను ఆ గది గుమ్మంలో నిలబడేసరికి ఒంటిగంటా పది.

మూడో అంతస్తులో, వరండా చివర, పరిశోధక విద్యార్థులకిచ్చిన గది అది. రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు, ఒక ఇనుప బీరువా. కిటికీకి ఊచలున్నాయి. తలుపు ఒకటే. దాని తాళం పగలలేదు, బీరువా తాళమూ పగలలేదు. దొంగ తాళంచెవితో వచ్చాడు, తాళంచెవితోనే పోయాడు.

"నిన్నటినుంచి ఎవరూ ఏమీ ముట్టుకోలేదు కదా?" అన్నాను.

"కుర్చీ కూడా జరపలేదండీ," అన్నారు ప్రొఫెసర్ గారు. నన్ను పిలిపించింది ఆవిడే. యూనివర్సిటీకి సొంత విజిలెన్సు ఉండగా బయటి డిటెక్టివును రప్పిస్తే పైవాళ్ళకి గిట్టదని తెలిసీ పిలిపించారు.

ఆవిడ వెనక గోడకి ఆనుకుని నిలబడిన మనిషికి ముప్ఫై ఏళ్ళుంటాయి. డిపార్ట్‌మెంటులో అందరూ చీమ అంటారు. ఎప్పుడు చూసినా తనకంటే బరువైనదేదో మోసుకుంటూ తిరుగుతుందని ఆ పేరు. ఇవాళ మాత్రం చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియడం లేదు.

చదువుకునే పిల్లలు తమ రాతపనిలో ఏఐ వాడటాన్ని ఎంతవరకు ఒప్పనుకుంటున్నారు, ఎక్కణ్ణుంచి తప్పనుకుంటున్నారు? ఇదీ చీమ పరిశోధన. అరవై ఒక్కమందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడిగింది, గొంతులు రికార్డు చేసింది. పేరు బయటికి రానివ్వనని ప్రతి ఒక్కరికీ మాటిచ్చింది కాబట్టే వాళ్ళు కడుపులో ఉన్నది కక్కారు. రికార్డుల్లో పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో రాసుకున్నది నీలం అట్ట నోటుపుస్తకంలో. ఈ బీరువాలో ఉండే ఆ పుస్తకం నిన్న మాయమైంది.

నిన్ననే, పన్నెండూ అయిదుకి, డీన్ గారికి ఊరూ పేరూ లేని ఈమెయిల్ వచ్చింది. "ఏఐ నీతిమీద పరిశోధన చేస్తున్న మనిషి ఆ పరిశోధన ఏఐతోనే రాయించుకుంటోంది. నాలుగో అధ్యాయం, ఎనభై ఎనిమిదో పేజీనుంచి తొంభయ్యో పేజీదాకా చూడండి." పన్నెండున్నరకి విజిలెన్సువాళ్ళు వచ్చి చూశారు. ఉత్తరం చెప్పినట్టే ఉంది.

నేనూ కూర్చుని చదివాను. ఎనభై ఏడో పేజీదాకా చీమ రాత పొట్టి పొట్టి వాక్యాలు, సూటి మాటలు. ఎనభై ఎనిమిది మొదలవగానే ఇస్త్రీ పెట్టినట్టు అన్ని పేరాలూ ఒకే పొడవు. ప్రతి పేరా చివరా 'సమగ్ర దృక్పథం ఎంతైనా అవసరం'. తొంభై ఒకటినుంచి మళ్ళీ పొట్టి వాక్యాలు. ఫైలు చరిత్ర తీసి చూశాను. ఆ మూడు పేజీలు నిన్న ఉదయం పదీ యాభై రెండుకీ పదకొండూ మూడుకీ మధ్య, ఈ కంప్యూటర్లోనే అతికించారు.

"ఆ టైములో నువ్వెక్కడున్నావమ్మా?"

"లైబ్రరీలో, చివరి గదిలో. పదిన్నరనుంచి పదకొండున్నరదాకా అరవై ఒకటో నంబరుతో మాట్లాడుతున్నాను."

"అరవై ఒకటో నంబరు వచ్చి ఆ మాట చెబితే ఈ గొడవ అయిదు నిమిషాల్లో తేలిపోతుంది."

"చెబితే పేరు బయటపడుతుందిగా మేడం." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "ఆ రికార్డింగులో వాళ్ళు ఏం ఒప్పుకున్నారో నాకు తెలుసు. పిలవను."

"నీ మూడేళ్ళ పని పోతుంది."

"పిలవను."

"సరే. ఈ కంప్యూటరుకి పాస్‌వర్డ్ ఉందా?"

"గదికి తాళం ఉందిగా అని పెట్టుకోలేదు."

"గది తాళంచెవులు?"

"మూడు. ప్రొఫెసర్ మేడం దగ్గరొకటి, నా తోటి స్కాలర్ దగ్గరొకటి, నా దగ్గరొకటి. బీరువా చెవి నా గుత్తిలో మాత్రమే ఉంటుంది." బీరువావైపు తిరిగింది. "నా గుత్తి నిన్న పొద్దున్నుంచీ నా సంచిలోనే ఉంది."

ఈ చివరి మాట నావైపు చూసి చెప్పలేదు.

"ఓహో, జాగిలం! అప్పుడే వాసన పట్టేశావా?"

వెనక్కి తిరక్కుండానే గొంతు గుర్తుపట్టాను. విజిలెన్సు అధికారి. పోలీసు శాఖలో అతన్ని స్కేలు అనేవాళ్ళం, నన్ను జాగిలం అనేవాళ్ళు. ఇద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. నేను ఎనిమిది నెలలు కుక్కలా తిరిగి తేల్చిన కేసుకి పతకం అతని చొక్కామీద వేలాడింది. ఆ ఏడాదే నేను రాజీనామా ఇచ్చాను. ఇప్పటికీ అతను కనిపిస్తే ముందు నా చూపు అతని చొక్కా జేబుమీదికే పోతుంది. ఇది మంచి గుణం కాదని తెలుసు. తెలిసినంత మాత్రాన పోలేదు.

"నీ ముగింపు రాసేసుకున్నావటగా," అన్నాను.

"రాయడానికేముంది? ఈ అమ్మాయి అరవై ఒక్కమందిని కలవనే లేదు. సగం మందిని ఏఐతో పుట్టించింది. అడిగితే చూపించాలి కాబట్టి నోటుపుస్తకాన్ని మాయం చేసింది."

"రికార్డింగులున్నాయి."

"గొంతులు కూడా పుట్టిస్తున్నారు ఈ రోజుల్లో."

"మరి ఆ ఈమెయిల్ రాసినవాడికి మూడు పేజీల నంబర్లు ఎలా తెలిశాయి? ఈ అధ్యాయం ఆమె ఇంకా ఎవరికీ పంపలేదు. పెట్టినవాడికే తెలియాలి, స్కేలూ. పెట్టినవాడు పదకొండూ మూడుకి లేచి, పన్నెండూ అయిదుకి ఉత్తరం పంపాడు."

"ఊహలు నవలల్లో బాగుంటాయి. నాకు నాలుగింటికి సాక్ష్యం కావాలి. నీకు సరుకు దొరక్కపోతే దయచేసి ఆ గదిలోకి రాకు. నీ అక్కసు తీర్చుకోవడానికి ఈ పిల్ల జీవితం అడ్డం పెట్టుకోకు."

అతను వెళ్ళాక చాలాసేపు ఆ మాట చెవిలో ఈగలా తిరిగింది. అందులో కొంత నిజముంది మరి.

* * *

తోటి స్కాలర్‌ని పండితుడంటారు. క్లాసు ముగించుకుని చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ మెట్లమీద దొరికాడు. అప్పటికి రెండు కావడానికి పది నిమిషాలుంది.

"మీరు చీమకంటే రెండేళ్ళు ముందు చేరారు. ఆవిడది పూర్తయిపోతోంది, మీది కాలేదు. ఆవిడంటే మీకు కుళ్ళని అందరూ అంటున్నారు."

"అందరూ అనడమేంటండీ, నేనే అంటాను!" అతను నవ్వాడు. "ఆమె బల్ల దగ్గర కీబోర్డు టకటకలాడుతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. ఒకసారి ఆమెకి జ్వరమొస్తే రెండు రోజులు హాయిగా పనిచేసుకున్నాను. మూడో రోజు సిగ్గేసి పళ్ళు కొనుక్కుని వెళ్ళాను. కానీ నిన్న పదిన్నరనుంచి పదకొండున్నరదాకా నలభైమంది పిల్లల ముందు గొంతు చించుకున్నాను. కావాలంటే వాళ్ళనడగండి."

"పదిన్నరకి గదికి తాళం వేసింది ఎవరు?"

"నేనే, పదీ ఇరవైకి. పొద్దున తీసిందీ నేనే. చీమ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. 'అన్నయ్యా, తాళాలు ఇంట్లో మర్చిపోయాను, తీస్తావా' అంది."

నేను మెట్టుమీదే ఆగిపోయాను.

"ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నరకి. మళ్ళీ పదకొండున్నరకల్లా గుత్తి ఆమె చేతిలో ఉంది. ఎవరో తెచ్చిచ్చుంటారు."

చీమ నాతో అబద్ధమాడింది. అరవై ఒక్కమంది పేర్లు కాపాడటానికి ప్రాణమైనా ఇచ్చేలా ఉన్న మనిషి, తనని ఎవరు ముంచారో కనిపెట్టడానికి వచ్చినదానితో తాళంచెవి దగ్గర అబద్ధమాడింది. ఎవరికోసం?

* * *

రెండూ అయిదుకి చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రికార్డింగులు విన్నాను. ఎనిమిదో నంబరు కుర్రాడు గట్టిగా వాదించాడు: "క్యాలిక్యులేటర్ వాడితే లెక్కల మాస్టారికి కోపం రాదు. మాటలకి యంత్రం వాడితే మాత్రం నేరమా?" పద్నాలుగో నంబరు అమ్మాయి పళ్ళు కొరుకుతున్నట్టు మాట్లాడింది: "వారం రోజులు కూర్చుని నేను రాసినదానికి అరవై మార్కులు. అయిదు నిమిషాల్లో రాయించుకున్నదానికి ఎనభై. తప్పో ఒప్పో నాకనవసరం, నాకు మండుతోంది." ముప్ఫై మూడో నంబరు నెమ్మదిగా అన్నాడు: "ఆలోచన నాదైతే చాలనుకున్నాను. ఇప్పుడు ఆలోచన కూడా దాన్నే అడుగుతున్నాను. ఎప్పుడు మొదలైందో తెలియలేదు." ఇవి పుట్టించిన గొంతులు కావు. పుట్టించిన గొంతు మధ్యలో ముక్కు చీదుకోదు.

ఎనభై తొమ్మిదో పేజీలో ఇరవై ఏడో నంబరు మాట ఒకటి ఉటంకించి ఉంది: "నా రాతకి ఏఐ పూత కాదు, మూత." తప్పు కప్పిపుచ్చుకుంటున్నానని ఆ అమ్మాయి ఒప్పుకున్నట్టు దానికి వ్యాఖ్యానం కూడా చేశారు. ఆ రికార్డింగు పెట్టాను. సన్నటి గొంతు. "ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనే అక్కా. నేను రాసుకున్నాకే దాన్ని దిద్దమంటాను. నా రాతకి అది పూత కాదు, ఊత."

మళ్ళీ పెట్టాను. ఊత. స్పష్టంగా ఊత.

చీమని పిలిచాను. "ఇరవై ఏడో నంబరుతో ఎప్పుడు మాట్లాడావు? వరసలో చూస్తే ఎప్పుడో అయిపోయి ఉండాలే."

"అప్పట్లో రానంది. మొన్న సాయంత్రం అయిదింటికి వచ్చింది. ఇంకా టైపు చెయ్యలేదు. చేత్తో మాత్రం రాసుకున్నాను." తన కాగితం చూపించింది. గుండ్రటి అక్షరాల్లో 'ఊత'.

"ఎవరికైనా వినిపించావా?"

"లేదు. ఇంట్లో ఒకసారి ఫోన్లో పెట్టుకుని విన్నాను."

"ఇంట్లో ఎవరున్నారు?"

ఆమె కిటికీ ఊచలు లెక్కపెడుతున్నట్టు అటే చూస్తూ ఉండిపోయింది. జవాబు నాకు అక్కర్లేకపోయింది.

* * *

చీమ భర్త అదే యూనివర్సిటీలో పక్క భవనంలో లెక్చరర్. క్వార్టర్లో తలుపు తట్టేసరికి రెండూ నలభై. ఆయనే తీశారు. ముందుగదిలో దుప్పటి పరిచి చీమ బట్టలు ఇస్త్రీ చేస్తున్నారు.

"నాలుగింటికి ఇవి వేసుకుని వెళ్తానందండీ. నలిగిపోయి కనిపించకూడదు కదా." మనిషి నెమ్మది, మాట మెత్తన. "కూర్చోండి. టీ పెడతాను."

వద్దన్నాను. గోడవార అలమరలో అట్టపెట్టెలు వరసగా ఉన్నాయి. అన్నిటిమీదా ఆయన దస్తూరీలో ఒకే పరిశోధన పేరు, పక్కన ఏడాది. లెక్కపెట్టాను, తొమ్మిది. తొమ్మిదేళ్ళుగా తెమలని ఆయన సొంత పరిశోధన. ఒక్కదానిమీదా దుమ్ము లేదు.

"మీ ఆవిడ పరిశోధన గురించి మీరేమనుకుంటున్నారు?"

"గొప్ప పని. నేను మాత్రం చదవలేదు, ఆమె కూడా చూపించదు." ఇస్త్రీపెట్టె ముడతమీద ఆగి ఆగి సాగింది. "కానీ పిల్లల్లో నీతేముందండీ? దొరికేదాకా దొరలే. పాపం, ఒకమ్మాయి నిజాయితీగా ఒప్పుకుందిగా, 'పూత కాదు, మూత' అని."

"మీకెలా తెలుసు?"

"మొన్న ఇంట్లో వింటుంటే చెవినపడింది. నేను వంటింట్లో కుళాయి కింద గిన్నెలు కడుగుతున్నాను."

ఫోన్లోకి ఎక్కించుకున్న రికార్డింగు తీసి బల్లమీద పెట్టాను. సన్నటి గొంతు గదిలో వినిపించింది. పూత కాదు, ఊత.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఆ అమ్మాయి అన్నది ఊత. మీ ఆవిడ రాసుకున్నదీ ఊతే. కుళాయి హోరులో మీకు మూతలా వినిపించింది. నిన్న పదీ యాభై రెండుకి అతికించిన పేజీలోనూ మూత అనే ఉంది. తాళాలు ఇంట్లో మర్చిపోయిన రోజు, వాటిని పదకొండున్నరకి తెచ్చిచ్చింది మీరు. వస్తూ వస్తూ మూడో అంతస్తుకి వెళ్ళొచ్చారు."

బట్ట కాలిన వాసన వచ్చింది. నేనే లేచి ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పెట్టి స్విచ్ ఆపాను.

ఆయన కాలిన బట్టని మడత పెడుతూ అన్నారు. "మొదటి ఏడాది ఆమె రాసిన ప్రతి పేజీ నేనే దిద్దానండీ. ఎర్రసిరా ఆరేది కాదు. రెండో ఏడాది సగం దిద్దాను. మూడో ఏడాది ఇవ్వడం మానేసింది. అవసరం లేకపోయింది. మా అత్తగారు ఫోన్ చేస్తే నన్నే అడుగుతుంది, 'మా డాక్టరమ్మ ఉందా బాబూ' అని. ఆ అట్టపెట్టెలు రోజూ తుడిచేది ఎవరనుకున్నారు? చీమే. ఏమీ అనదు. ఒక్కసారి 'ఇంకెన్నాళ్ళు' అని దెప్పినా బాగుండేది. దెప్పదు, తుడుస్తుంది."

"ఆ నోటుపుస్తకం ఎందుకు తీశారు?"

"అది లేకపోతే పిల్లల్ని కలిసిందన్న రుజువుండదని. కాల్చేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు." అడుగున ఉన్న అట్టపెట్టెలోంచి నీలం అట్ట పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. "మీరు పదండి. నేను మొహం కడుక్కుని వస్తాను. సంఘం ముందు నేనే చెప్తాను. ఆమె ముఖం చూసి చెప్తాను."

పక్కనుండి తీసుకెళ్ళాల్సింది. తీసుకెళ్ళలేదు. ఇంట్లో మనిషి పైకెళ్తుంటే లోపల ఏం కాలుతుందో ఆయన చెప్పినప్పుడు, ఒకరి చొక్కామీది పతకం గుర్తొచ్చి నా మనసు మెత్తబడింది. వృత్తిలో అంతకంటే పెద్ద తప్పు లేదు.

* * *

మూడూ నలభైకి సంఘం గది బయటికి చేరాను. తలుపు తెరిచే ఉంది. సభ్యులు ఇంకా రాలేదు. పొడుగు బల్లకి ఒకవైపు చీమ, ప్రొఫెసర్ గారు. రెండోవైపు స్కేలు. అతని ముందు ఒక కాగితం.

"ఆలస్యం చేశావు," అన్నాడు స్కేలు. "పావుగంట క్రితం సంతకం పెట్టింది. ఆ మూడు పేజీలూ తనే ఏఐతో రాయించుకున్నానని."

"అబద్ధం! ఎందుకమ్మా?" అన్నాను.

చీమ తల ఎత్తలేదు. "నోటుపుస్తకం ఎక్కడుందో నాకు నిన్న సాయంత్రమే తెలుసు మేడం. అట్టపెట్టెలు తుడుస్తుంటే కనిపించింది. మళ్ళీ అక్కడే పెట్టేశాను." "నాది పోతే ఇంకోటి రాసుకుంటాను. ఆయనకి ఉద్యోగం పోతే మనిషే మిగలడు."

ప్రొఫెసర్ గారు కళ్ళు మూసుకున్నారు.

"అయితే పిల్లల సంగతి?" స్కేలు అడిగింది ఎకసెక్కంగా కాదు, నిజంగానే అడిగాడు. "నువ్వు ఒప్పుకున్నావు కాబట్టి పరిశోధన రద్దు. రద్దయిన పరిశోధన తాలూకు కాగితాలన్నీ సంఘం స్వాధీనం చేసుకుంటుంది. నోటుపుస్తకంతో సహా. అరవై ఒక్క పేర్లు, ఎవరు ఏం ఒప్పుకున్నారో రికార్డులు. రేపటినుంచి ఒక్కొక్కరికీ నోటీసు వెళ్తుంది."

చీమ అప్పుడు తల ఎత్తింది. "ఆ నిబంధన ఉందా?"

"సంతకం పెట్టేముందు చదవాల్సింది."

అప్పుడు అతని చూపు నా భుజానికున్న సంచిమీద పడింది. పోలీసువాడి చూపు.

"ఏదీ, ఆ సంచి ఇలా ఇవ్వు జాగిలం."

"వారంటు ఉందా?"

"ఇది యూనివర్సిటీ ఆవరణ, ఆ పుస్తకం యూనివర్సిటీ సొత్తు. ఇవ్వకపోతే గేటు దాటలేవు." చెయ్యి చాపాడు. సంచి అడుగున నీలం అట్ట పుస్తకం అంచు నా నడుముకి గుచ్చుకుంటోంది.

"ఈవిడ తాళాలతో ఆ గదిలోకి వెళ్ళినవాడు, అసలు చేసినవాడు వస్తున్నాడు. వచ్చి చెప్పాక ఆ సంతకం చెల్లదు. రెండు నిమిషాలు ఆగు."

మూడూ యాభై ఆరుకి గుమ్మంలో ఆయన కనిపించారు. మొహం కడుక్కున్నారు, తల దువ్వుకున్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. చీమ లేచి నిలబడి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆయన బల్లమీది కాగితం చూశారు. వంగి పూర్తిగా చదివారు. చివరన భార్య సంతకందాకా చదివారు. ఆ ముఖంలో కనిపించినదాన్ని నేను గుర్తుపట్టాను. తొమ్మిదేళ్ళ బరువు ఎవరో తీసి కింద పెట్టినట్టుంది.

"ఏమండీ, మీరేమైనా చెప్పాలా?" అన్నాడు స్కేలు.

"చెప్పడానికేముందండీ," అన్నారాయన, అదే మెత్తటి గొంతుతో. "ఆమె రాసింది నిజమే. నేను వద్దంటూనే ఉన్నాను. నా కళ్ళముందే ఏఐతో రాయించుకుంది."

నా దగ్గర ఆయన ఒప్పుకున్నదానికి సాక్షి లేడు. తప్పుగా విన్న ఒక్క మాట తప్ప రుజువు లేదు. పుస్తకం ఆయన ఇంట్లోనే దొరికిందని చెప్పాలంటే, దాన్ని బయటికి తీసి అరవై ఒక్క పేర్లూ స్కేలు చేతిలో పెట్టాలి.

చీమ భర్తవైపు చూస్తూనే ఉంది. తర్వాత స్కేలువైపు తిరిగింది.

"ఆ కాగితం ఇటివ్వండి సార్."

"సంతకం అయిపోయిందమ్మా."

"అందుకే అడుగుతున్నాను. అప్పుడు నేను ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాను."

స్కేలు ఆమెని చూశాడు, ఆమె భర్తని చూశాడు, చివరికి నన్ను చూశాడు. ఇన్నేళ్ళలో అతను నన్ను అలా చూడటం అదే మొదలు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చేత్తోనే కాగితాన్ని బల్లమీద చీమవైపు జరిపాడు.

లెక్చరర్ గుమ్మంవైపు ఒక అడుగు వేశారు. స్కేలు లేచి వెళ్ళి ఆయనకంటే ముందు తలుపు మూసి, గడియ పెట్టాడు.

"కూర్చోండి మాస్టారూ," అన్నాడు. "మీ తాళాల కథ మొదటినుంచి విందాం."